ఫ్లోరెన్స్‌లో ఇద్దరికి ఒక్క రోజు: ఏది చూడాలి, ఏది వదిలెయ్యాలి

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా. మే నెల మధ్యలో మీ పదో పెళ్ళిరోజున మీరిద్దరూ ఫ్లోరెన్స్‌లో ఉంటారు. ముందురోజు రాత్రి రైల్లో చేరి, మర్నాడు పొద్దున్నే రోముకు బయల్దేరతారు కనుక మీ చేతిలో ఉన్నది ఒక్క పూర్తి రోజు. ఆ రోజు కోసం మీరు వేసుకున్న పట్టికలో ఉఫీజీ చిత్రశాల, అకాడెమియా మ్యూజియం, కేథడ్రల్ గుమ్మటం, పిట్టీ రాజభవనం, బొబొలి తోట, వీలైతే పీసా కూడా ఉన్నాయి. మీ శ్రీమతికి చిత్రకళ అంటే ప్రాణమనీ, మీకు మాత్రం మ్యూజియంలో గంట దాటితే కాళ్ళు పీకుతాయనీ చివర్లో మీరే రాశారు. ఆ చివరి మాట ముందు రాసి ఉంటే ఈ పట్టికను మీరే కొట్టేసి ఉండేవారు.

ఆ ఊళ్ళో కొన్నేళ్ళు ఉద్యోగరీత్యా ఉండి, వచ్చిపోయే బంధుమిత్రులకు దారి చూపిస్తూ వచ్చిన అనుభవంతో నేను చెప్పగలిగిన ప్రధానమైన సలహా ఒక్కటే: ఆ రోజున వేళ ముద్రించి ఉన్న టికెట్టు ఒక్కటి మించి మీ జేబులో ఉండకూడదు. ఫ్లోరెన్స్ పాత నగరం చాలా చిన్నది. శాంటా మరియా నొవెల్లా రైలు స్టేషను నుంచి కేథడ్రల్‌కు పావుగంట నడక, అక్కడి నుంచి ఆర్నో నదికి మరో పది నిమిషాలు. అంత దగ్గర దగ్గరగా ఉన్నాయి కదా అన్న ధైర్యంతోనే అందరూ మూడు నాలుగు టికెట్లు వరుసగా కొనేస్తారు. కానీ ప్రతి టికెట్టుకూ ముందుగా వెళ్ళి నిలబడే సమయం, సంచుల తనిఖీ, బయటికి వచ్చే దారి వెతుక్కోవడం కలిపితే గంటకు పైగా పోతుంది. మధ్యాహ్నం మూడయ్యేసరికి ఒకరు గడియారం వంక, రెండోవారు కూర్చునే చోటు వంక చూస్తుంటారు. పెళ్ళిరోజు గొడవలు సరిగ్గా ఆ వేళకే మొదలవుతాయని నా పరిశీలన.

ముందుగా పీసా సంగతి తేల్చేద్దాం. రైల్లో ఒక వైపుకే దాదాపు గంట పడుతుంది, స్టేషను నుంచి గోపురం దాకా మళ్ళీ అరగంట నడక. ఒక ఫోటో కోసం మీ సాయంత్రమంతా పోతుంది, ఈ నగరంలో ఇద్దరికి దక్కే మంచి భాగమంతా సాయంత్రంలోనే ఉంది. పీసాను ఇంకో యాత్రకు వదిలెయ్యండి. పిట్టీ, బొబొలి రెండూ పెద్దవి, పూట పూటంతా అడుగుతాయి కాబట్టి అవీ వద్దు. అకాడెమియాలో ఉన్న ప్రధాన ఆకర్షణ మైకెలాంజెలో చెక్కిన డేవిడ్. అసలు విగ్రహాన్ని 1873లో అక్కడికి తరలించారు, అది మొదట నిలబడిన సిన్యోరియా కూడలిలో ఇప్పుడు నకలు ఉంది. అసలును చూసి తీరాలన్న పట్టుదల మీ ఇద్దరిలో ఎవరికీ లేదు కనుక నకలుతో సరిపెట్టుకోవచ్చు.

ఇక మిగిలినవి గుమ్మటమూ ఉఫీజీ. వాస్తుశిల్పి బ్రునెలెస్కి 1420 నుంచి 1436 వరకు కట్టిన ఆ గుమ్మటాన్ని ఎక్కడానికి 463 మెట్లు, లిఫ్టు లేదు, చివరి భాగంలో రెండు గోడల మధ్య వంగి నడవాలి. పైకి చేరాక కనిపించే దృశ్యం గొప్పదే, అయితే ఆ దృశ్యంలో గుమ్మటం ఉండదు, ఎందుకంటే మీరు దాని మీదే నిలబడి ఉంటారు. ఎక్కాలన్న సరదా బలంగా ఉంటే పక్కనే ఉన్న జొత్తో గంటల గోపురం ఎక్కండి, అక్కడ 414 మెట్లే, పైగా గుమ్మటం ఎదురుగా కనిపిస్తుంది. కానీ మీ విషయంలో నేను ఉఫీజీకే ఓటు వేస్తాను. మీ శ్రీమతికి అది జీవితకాలపు కోరిక, మీకు గంటన్నరలో ముగించే మార్గం నేను చెబుతాను.

ఉఫీజీ తలుపులు పొద్దున్న 8.15కు తెరుస్తారు, సోమవారం సెలవు. మీ పెళ్ళిరోజు సోమవారం పడితే ముందే చూసుకోండి, అకాడెమియాకూ సోమవారమే సెలవు. నెలలో మొదటి ఆదివారం ప్రవేశం ఉచితం కనుక ఆ రోజు క్యూ ఊహకు అందదు, ఉచితానికి ఆశపడకండి. అధికారిక సైటులో ముందుగా కొంటే టికెట్టు ధర మీద 4 యూరోలు బుకింగ్ రుసుము పడుతుంది, అది ఇచ్చి తీరవలసిన డబ్బు. మొదటి వేళనే ఎంచుకోండి. లోపలికి వెళ్ళగానే చాలామంది కింద అంతస్తులో పుస్తకాల దుకాణం దగ్గర ఆగిపోతారు, మీరు నేరుగా పై అంతస్తుకు వెళ్ళండి.

అక్కడ చిత్రకారుడు బొత్తిచెల్లి గదుల కోసం అందరూ పరుగెత్తుతారు. ఆ గదులకంటే ముందే ఒక చిన్న జంట చిత్రం వస్తుంది, దాని దగ్గర మీరిద్దరూ ఓ పది నిమిషాలు నిలబడాలని నా కోరిక. పియెరో డెల్లా ఫ్రాంచెస్కా వేసిన ఉర్బినో ప్రభువు ఫెడెరికో, ఆయన భార్య బట్టిస్టా స్ఫోర్జాల చిత్రాలివి. ఇద్దరూ పక్క ముఖాలతో ఒకరి కళ్ళలోకి ఒకరు చూస్తుంటారు. ఫెడెరికో గుర్రాల మీద ఈటెలతో తలపడే ఒక పోటీలో కుడి కన్ను పోగొట్టుకున్నాడు కనుక ఎడమ వైపు మాత్రమే చూపించాడు చిత్రకారుడు, అయినా ముక్కు మీది గంటునూ చెంప మీది పుట్టుమచ్చలనూ దాచలేదు. ఆమె ముఖం పాలిపోయి, దాదాపు మైనంలా ఉంటుంది. 1472లో, కొడుకు పుట్టిన కొన్ని నెలలకే ఆమె చనిపోయింది. చిత్రాలను గోడకు కాకుండా గది మధ్యలో నిలబెట్టారు కనుక వెనక్కి వెళ్ళి చూడవచ్చు, చాలామంది వెళ్ళరు. వెనక వైపున ఇద్దరూ చెరొక రథం మీద ఎదురెదురుగా వస్తుంటారు, ఆయన రథానికి తెల్ల గుర్రాలు, ఆమె రథానికి ఒంటికొమ్ము జంతువులు. ఆయన రథం కింది లాటిన్ పద్యం బతికున్నవాడి గురించి చెప్పినట్టు ఉంటే, ఆమె రథం కిందిది గతించిన మనిషిని తలుచుకున్నట్టు ఉంటుంది, అందువల్లనే ఆమె పోయాక ఈ చిత్రం పూర్తయిందని చాలామంది కళాచరిత్రకారుల అభిప్రాయం. మ్యూజియంలంటే విసుగున్న మీలాంటివారికి కూడా ఈ కథ తెలిసి చూస్తే కాళ్ళు పీకవు.

ఆ తరువాత బొత్తిచెల్లి వేసిన వసంతం, వీనస్ జననం చూడండి. వసారా చివర నదివైపు కిటికీ దగ్గరకు వెళితే పోంటె వెక్కియో వంతెన, దాని మీదుగా సాగే, వసారీ అనే వాస్తుశిల్పి పేరున్న నడవా కనిపిస్తాయి. ఆ నడవాను 1565లో, ఈ నగరాన్ని ఏలిన మెదీచి వంశపు ఫ్రాంచెస్కో, ఆస్ట్రియా రాకుమారి జొవాన్నల పెళ్ళి సందర్భంగా కొద్ది నెలల్లో కట్టారు. 2024 డిసెంబరులో మళ్ళీ తెరిచారు గానీ దానికి వేరే టికెట్టు, వేరే వేళ. ఒక్క టికెట్టు నియమం గుర్తుంది కదా, కిటికీ లోంచి చూస్తే చాలు. తిరుగుదారి కింది అంతస్తు గదుల మీదుగానే పోతుంది. అక్కడ మీ శ్రీమతి ఆగదలచుకున్న రెండు మూడు చిత్రాలు ముందురాత్రే ఎంచుకోమనండి, ఆ గదులకు ఆమె వెళ్ళిన కాసేపూ మీరు బెంచీ మీద కూర్చోవచ్చు. ఇద్దరూ అన్నీ కలిసే చూడాలన్న పట్టింపు అక్కర్లేదు.

బయటికి వచ్చేసరికి పది. కాఫీ కోసం సిన్యోరియా కూడలిలో బల్లల దగ్గర కూర్చుంటే అదే కప్పుకు కొన్ని రెట్లు ఎక్కువ వసూలు చేస్తారు. ఇటలీలో నిలబడి తాగే కాఫీ ధర వేరు, కూర్చుని తాగే ధర వేరు. కొంచెం లోపలి వీధిలోకి వెళ్ళి గల్లా దగ్గర నిలబడి తాగండి. కూడలి పక్కనున్న లోజియా మండపంలో చెల్లీని పోతపోసిన పెర్సియుస్ కంచు విగ్రహం ఉచితంగానే చూడవచ్చు. కేథడ్రల్‌ను బయట నుంచి ఒకసారి చుట్టి, ఎదుటి బాప్టిస్టరీ (బాప్తిస్మం ఇచ్చే మందిరం) తూర్పు తలుపుల దగ్గర కాసేపు ఆగండి. శిల్పి గిబెర్తి 1425 నుంచి 1452 వరకు చేసిన ఆ బంగారు తలుపుల అసలు పలకలు ఇప్పుడు కేథడ్రల్ మ్యూజియంలో ఉన్నాయి, గుమ్మానికి ఉన్నవి నకళ్ళు. కేథడ్రల్ లోపలికి ప్రవేశం ఉచితం, క్యూ మాత్రం గుడి చుట్టూ తిరుగుతుంది. ఆ క్యూలో నిలబడకండి, లోపలికంటే బయటే అందం ఎక్కువ.

గుడి వెనక నుంచి ‘వియా దెయి సెర్వీ’ అనే వీధి తిన్నగా శాంటిసిమా అనుంజియాటా కూడలికి తీసుకువెళుతుంది, ఏడెనిమిది నిమిషాల నడక. పర్యాటకుల పట్టికల్లో దీనికి ఎప్పుడూ అన్యాయమే జరుగుతుంది గానీ జంటలకు ఇంతకంటే తగిన చోటు ఆ ఊళ్ళో లేదని నా నమ్మకం. ఒక పక్క 1419లో బ్రునెలెస్కి మొదలుపెట్టిన అనాథ శిశువుల ఆశ్రమం, దాని స్తంభాల మీద నీలి పలకల్లో పొత్తిగుడ్డలు చుట్టుకున్న పసిపిల్లల బొమ్మలు. ఎదురుగా గుర్రం మీద మెదీచి వంశపు ఫెర్డినాండో ప్రభువు విగ్రహం. కూడలి మొదట్లో ఇటుక రంగు గోడలతో ఉన్న గ్రిఫోని భవనం పై అంతస్తులో ఒక కిటికీ తలుపులు కొంచెం తెరిచి ఉంటాయి, అదెక్కడో మీ శ్రీమతినే వెతకమనండి. యుద్ధానికి వెళ్ళిన భర్త కోసం ఆ ఇంటి కోడలు ఆ కిటికీ దగ్గరే కూర్చుని ముసలిదైపోయిందనీ, ఆమె పోయాక కిటికీ మూస్తే ఇంట్లో దీపాలు ఆరిపోయి సామాన్లు ఎగిరిపడ్డాయనీ, అప్పటి నుంచి మూయడం మానేశారనీ ఆ ఊరివాళ్ళు చెప్పుకుంటారు. చరిత్రకు నిలవని కథే, కానీ అందరూ చెప్పుకునే ఆ కథ కోసం తెరిచి ఉంచిన కిటికీ మాత్రం నిజంగా కనిపిస్తుంది. కూడలి చివరి గుడిలో మేరీమాత చిత్రం ముందు కొత్త పెళ్ళికూతుళ్ళు తమ పూలగుత్తి ఉంచి వెళ్ళే ఆచారం ఉంది. మీరు కూడా దారిలో ఒక చిన్న గుత్తి కొని తీసుకువెళ్ళవచ్చు. గుళ్ళలోకి వెళ్ళేటప్పుడు భుజాలూ మోకాళ్ళూ కప్పి ఉండాలి. మధ్యాహ్నం చాలా గుళ్ళు మూసేస్తారు కనుక పన్నెండు లోపల చేరుకోండి.

ఇటలీ కవి డాంటే, ఆయన ప్రేమించిన బియాట్రిస్‌ల గుడి అంటూ శాంటా మార్గరీటా అనే చిన్న గుడి కూడా చూడమని మీకు ఎవరో చెప్పి ఉంటారు. అక్కడ బియాట్రిస్ సమాధి అని చూపే రాయి పక్కన ఒక బుట్ట ఉంటుంది, ప్రేమికులు అందులో ఉత్తరాలు వేస్తారు. ఆమె నిజంగా అక్కడ ఉందన్నది చాలా సందేహాస్పదం. ఇద్దరికీ ఉత్తరం రాసే ఉత్సాహం ఉంటే ఒకరికొకరు రాసుకోండి, బుట్టలో పడెయ్యడం దేనికి?

మధ్యాహ్న భోజనం పన్నెండున్నరకూ రెండున్నరకూ మధ్యే, ఆ తరువాత వంటశాలలు సాయంత్రం ఏడున్నర దాకా మూతపడతాయి. మీరు శాకాహారులన్నారు, టస్కనీలో అది కష్టమేమీ కాదు. ‘రిబొల్లీతా’ అని కూరగాయలు, చిక్కుడు గింజలు, పాత రొట్టె కలిపి ఉడికించేది, ‘పప్పా అల్ పొమొదొరో’ అని టమాటాలో రొట్టెను మెత్తగా ఉడికించేది, రెండూ మాంసం లేకుండానే చేస్తారు, అయినా మాంసం రసం పోశారేమో అడిగి తెలుసుకోండి. అక్కడి రొట్టెలో ఉప్పు వేయరు, అది వంటవాడి మరపు కాదు, ఆ ప్రాంతపు పద్ధతే. ‘లాంప్రెదొత్తో’ అని బళ్ళ మీద అమ్మేది ఆవు పొట్ట, ఊరి పేరుతో పిలిచే పెద్ద మాంసపు ముక్క ధర కిలో లెక్కన ఉంటుంది, ఈ రెండింటి సంగతి తెలిసి ఉంటే పొరపాటు జరగదు. బిల్లులో ‘కొపెర్తో’ అని మనిషికి కొన్ని యూరోలు పడుతుంది, అది మోసం కాదు, బల్ల వేసినందుకు తీసుకునే మామూలు రుసుము.

భోజనం కాగానే గదికి వెళ్ళిపోండి. ఈ మాట చెప్పినప్పుడు అందరూ నన్ను వింతగా చూస్తారు. అంత దూరం వెళ్ళి రెండు గంటలు పడుకోవడమా అంటారు. రెండు నుంచి నాలుగున్నర వరకు రాతి వీధులు ఎండను తిరిగి మీ ముఖం మీదికే కొడతాయి, పర్యాటక బృందాలన్నీ ఆ వేళకే ఒకచోట చేరతాయి. పగలు రెండు గంటలు వదులుకుంటే రాత్రి పదకొండు దాకా హుషారుగా నడవగలరు. అందువల్లనే గది స్టేషను దగ్గర కాకుండా నదికి అవతలి ఒడ్డున, ఓల్ట్రార్నోలో, శాన్ నికొలో లేదా శాంటో స్పిరిటో పేటల్లో తీసుకోమంటున్నాను.

నాలుగున్నరకు బయల్దేరి శాన్ నికొలో వీధి మీదుగా పాత కోట గోడ గుమ్మం దాటితే కొండ దారి మొదలవుతుంది. ఎక్కే దారిలో ఎడమ వైపు గులాబీల తోట. ప్రవేశం ఉచితం, మే నెల దానికి నిండు పూత కాలం. బెల్జియం శిల్పి ఫొలోన్ చేసిన కంచు బొమ్మలు ఆ వాలు మీద అక్కడక్కడ ఉంటాయి. వాటిలో ఒకటి పెద్ద సూట్‌కేసు చట్రం, దానిగుండా చూస్తే కేథడ్రల్ గుమ్మటం అందులో సర్ది పెట్టినట్టు కనిపిస్తుంది. మీ తేదీలు ఇరవై లోపల పడితే కొంచెం పైన ఐరిస్ పూల తోట కూడా తెరిచి ఉంటుంది, ఏడాదిలో ఏప్రిల్ చివర నుంచి సుమారు నాలుగు వారాలే దాన్ని తెరుస్తారు.

ఆ పైన ఉన్నది అందరూ సూర్యాస్తమయానికి చేరే పియజ్జాలె మైకెలాంజెలో అనే కూడలి. ఫ్లోరెన్స్ కొద్దికాలం ఇటలీకి రాజధానిగా ఉన్న రోజుల్లో, 1869లో, వాస్తుశిల్పి జుసెప్పె పొజ్జి దీన్ని రూపొందించాడు. అక్కడి మెట్ల మీద ఆ వేళకు వందలమంది కూర్చుని, సీసాలూ స్పీకర్లూ పెట్టుకుని, సూర్యుడు దిగగానే చప్పట్లు కొడతారు. అది కొందరికి సరదా. మీరు అక్కడ ఆగకుండా ఇంకో పది నిమిషాలు పైకి ఎక్కి శాన్ మినియాటో గుడికి వెళ్ళండి. 1013 ప్రాంతంలో మొదలైన ఆ గుడి ముఖభాగం తెల్ల, ఆకుపచ్చ పాలరాళ్ళతో ఉంటుంది. లోపల నేల మీద 1207 నాటి రాశిచక్రం పాలరాయిలో పొదిగి ఉంది, మీ మీ రాశులు వెతుక్కోండి. అక్కడి సన్యాసులు సాయంకాల ప్రార్థనను గ్రెగోరియన్ అనే పాత చర్చి బాణీలో పాడతారు. వేళ కాలాన్ని బట్టి మారుతుంది కాబట్టి ఆశ్రమం సైటులో చూసుకోండి. వెనక బెంచీలో నిశ్శబ్దంగా కూర్చోవచ్చు, ఫోన్ తీయకపోవడం మర్యాద. కొండ ఎక్కడం మోకాళ్ళకు ఇబ్బంది అనిపిస్తే 12 లేదా 13వ నంబరు బస్సు పైదాకా వెళుతుంది.

మే మధ్యలో సూర్యుడు దాదాపు ఎనిమిదిన్నరకు అస్తమిస్తాడు, గుడి అంతకు ముందే మూస్తారు. నెమ్మదిగా కిందికి దిగి నది వెంబడి పడమరగా నడిస్తే అరగంటలో శాంటా ట్రినిటా వంతెన చేరతారు. సాయంత్రపు ఎండ పడమటి నుంచి నేరుగా పోంటె వెక్కియో మీద పడేది ఆ వేళకే, దాన్ని చూడవలసిన చోటు ఆ వంతెనే, పోంటె వెక్కియో మీద నిలబడితే దాని అందం కనబడదు. ఈ వంతెనకు సొంత కథ కూడా ఉంది. నాలుగు మూలలా ఉన్న నాలుగు ఋతువుల విగ్రహాలను 1608లో మెదీచి వంశపు రెండవ కోసిమో పెళ్ళికి నిలబెట్టారు. 1944 ఆగస్టులో వెనక్కి తగ్గుతున్న జర్మన్ సైన్యం పోంటె వెక్కియో ఒక్కటి వదిలి మిగతా వంతెనలన్నీ పేల్చేసింది. నదిలో పడిన రాళ్ళను ఏరి 1958 నాటికి ఈ వంతెనను యథాతథంగా మళ్ళీ కట్టారు, వసంతం విగ్రహానికి తల మాత్రం దొరకలేదు. 1961లో నదిని తవ్వుతుంటే బయటపడింది. విగ్రహం మెడ దగ్గర అతుకు గీత ఇప్పటికీ పోల్చుకోవచ్చు. పట్టుచీరలో ఫోటోలు తీయించుకోవాలన్న మీ శ్రీమతి కోరిక కోసం మాత్రం ఇదే వంతెన మీదికి పొద్దున్న ఏడు లోపల రండి. అప్పుడు మనుషులు ఉండరు, ఉఫీజీకి ముందు గదికి వెళ్ళి మార్చుకోవడానికి సమయం కూడా ఉంటుంది. ఆ రాళ్ళ వీధుల్లో ఎత్తు మడమల చెప్పులు మాత్రం వద్దు. ఆమెకు చెప్పకుండా ఏ ఆశ్చర్యం దాచినా, ఎంత నడవాలో మాత్రం దాచకండి.

పోంటె వెక్కియో మీది నగల దుకాణాలు 1593 నుంచి ఉన్నాయి. అంతకు ముందు అక్కడ మాంసం కొట్లు ఉండేవి, వాసన భరించలేక ఫెర్డినాండో ప్రభువు వాటిని తీయించి కంసాలులకు ఇచ్చాడు. కొనే ఉద్దేశం ఉంటే పగలే కొనండి, రాత్రికి చెక్క తలుపులు మూసేస్తారు. ఊచలకు తాళాలు తగిలించి తాళంచెవి నదిలో వేసే పనికి జరిమానా ఉంది.

రాత్రి భోజనానికి తొమ్మిదికి ఓల్ట్రార్నోలో చిన్న హోటల్లో బల్ల చెప్పి పెట్టుకోండి. ఇది ఫోను మీద చెప్పే మాటే, ఆలస్యమైతే పావుగంట సర్దుకుంటారు కనుక టికెట్టు నియమం కిందికి రాదు. దారిలో గోడల్లో మోకాలి ఎత్తుకో నడుము ఎత్తుకో చిన్న కమాను కిటికీలు కనిపిస్తాయి, అవి ద్రాక్షసారాయి అమ్ముకోవడానికి పూర్వం ధనికుల ఇళ్ళకు పెట్టినవి. 1630ల ప్లేగు కాలంలో ఒకరినొకరు తాకకుండా అమ్మడానికి పనికొచ్చాయి, 2020లో కొన్నింటిని మళ్ళీ తెరిచారు. ఇద్దరిలో ఎవరికీ అలవాటు లేకపోయినా కిటికీలు లెక్కపెట్టుకుంటూ నడవడం బాగుంటుంది.

వాన పడితే కొండ కార్యక్రమం వదిలేసి శాన్ మార్కో మఠానికి వెళ్ళండి. మెట్లు ఎక్కగానే ఎదురయ్యే, సన్యాసి చిత్రకారుడు ఫ్రా అంజెలికో వేసిన చిత్రం, ఆ తరువాత సన్యాసుల చిన్న చిన్న గదులు, ఒక్కో గదిలో ఒక్కో చిత్రం. కానీ అది మధ్యాహ్నం తొందరగా మూసేస్తారు కాబట్టి ఆకాశం చూసి పొద్దున్నే నిర్ణయించుకోవాలి.

ఇప్పుడు చెయ్యవలసిన పనులు మూడే. ఉఫీజీ మొదటి వేళ టికెట్లు ఈ వారమే కొనండి, మే నెలవి త్వరగా అయిపోతాయి. గది నదికి అవతల దొరుకుతుందేమో చూడండి. రైలుకు బదులు అద్దె కారులో వచ్చే ఆలోచన ఏమైనా ఉంటే మానుకోండి, పాత నగరమంతా అనుమతి లేని కార్లకు నిషిద్ధం, లోపలికి వచ్చే దారుల దగ్గర కెమెరాలు ఉంటాయి, మీరు హైదరాబాద్ చేరిన కొన్ని నెలలకు కారు సంస్థ ద్వారా జరిమానా కాగితం వస్తుంది, ఎన్నిసార్లు దాటితే అన్ని కాగితాలు.